సిరొంచ దగ్గర ప్రాణహితలో రాళ్లు కనిపించాలంటే

ప్రాణహిత నది ఫొటోల్లో అడుగు రాళ్లు కనిపించకుండా చేస్తున్న, నీటి మీది తెల్లటి మెరుపు ఎడిటింగ్‌లో పోవడం లేదని మీరు అడిగారు, అది పోదు. ఎర్ర, పసుపు ఫిల్టర్ల పని తర్వాత కంప్యూటర్‌లో చాలావరకు చేసుకోవచ్చు, రంగుల సమాచారం ఫైల్‌లో ఉంటుంది కాబట్టి. నీటి మీది మెరుపు ఎక్కువగా ఒకే దిశలో కంపించే కాంతి; కాంతి ఏ దిశలో కంపిస్తోందో మాత్రం మామూలు కెమెరా సెన్సర్ నమోదు చేయదు. అందుకే దాన్ని తీసేటప్పుడే ఆపాలి.

1. లెన్స్‌కు సర్క్యులర్ పోలరైజర్ (ఒక దిశలో కంపించే కాంతిని ఆపే ఫిల్టర్) బిగించండి.

2. చాలామంది మర్చిపోయేది ఇదే: దాని ముందు రింగు తిప్పాలి. స్క్రీన్ చూస్తూ నెమ్మదిగా తిప్పండి. ఒకచోట మెరుపు తగ్గి అడుగున గులకరాళ్లు బయటపడతాయి, అక్కడ ఆపండి. కెమెరా నిలువుగా పట్టుకుంటే రింగు మళ్లీ సరిచేయాలి.

3. నీటి మట్టానికి సుమారు 37 డిగ్రీల వాలులో చూస్తూ తీయండి. నిట్టనిలువుగా కిందికి తీస్తే లాభం లేదు.

వెలుతురు 1 నుంచి 2 స్టాప్‌లు (ఒక్కో స్టాప్‌కు సగం) తగ్గుతుంది, ఐఎస్‌ఓ (కెమెరా కాంతి సున్నితత్వపు సెట్టింగ్) కాస్త పెంచండి. వానాకాలపు బురదనీటికి ఇది పనిచేయదు, నది తేటపడ్డాకే వెళ్లండి.