కాలువలో స్పృహ తప్పడం మూర్ఛేనా?

అమలాపురం సోదరి గారికి, మూర్ఛ అని మందులు వాడుతున్న మీ అన్నయ్య 34 ఏళ్ల వయసులో కాలువలో ఈదుతూ స్పృహ తప్పడం, గజ ఈతగాడైన మీ బాబాయి గారు అదే కాలువలో మునిగిపోవడం కలిపి చూస్తే, ఇది మూర్ఛ మందులతో సరిపెట్టుకోవలసిన విషయం కాదని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఈతలో స్పృహ తప్పడం వంశపారంపర్య లాంగ్ క్యూటీ (ప్రతి స్పందన తర్వాత గుండె విద్యుత్తు పరంగా తేరుకోవడం ఆలస్యమై, లయ తప్పే జబ్బు) మొదటి రకానికి బాగా తెలిసిన ఆనవాలు. ఈసీజీ కాగితం మీద యంత్రం అచ్చువేసిన అంకెతో ఆగకుండా, గుండె లయ నిపుణుని చేత క్యూటీ నిడివిని, అంటే ఒక స్పందన మొదలై గుండె తేరుకునేదాకా పట్టే సమయాన్ని, చేత్తో కొలిపించండి. గుండె వేగానికి సవరించిన ఆ నిడివి, వేరే కారణం లేకుండా, ఇలా స్పృహ తప్పిన మనిషిలో 460 మిల్లీసెకన్లు ఉన్నా తేలిగ్గా తీసుకోకూడదు. అది మామూలుగానే ఉంటే ట్రెడ్‌మిల్ పరీక్షలో, పరుగు ఆపిన నాలుగో నిమిషంలో ఆ నిడివిని మళ్లీ చూడాలి. తేలేదాకా ఆయనను నీటిలో దిగనివ్వకండి, ఈ నిడివిని పెంచే అజిత్రోమైసిన్, డాంపెరిడోన్ వంటి మందులు వైద్యుని అడగనిదే వేయకండి, మూర్ఛ మందులు మాత్రం సొంతంగా ఆపకండి. మీ ఈసీజీ కూడా తీయించుకోండి.