దగ్గర్లో పండిందే తింటే సరిపోతుందా?

ప్రశ్న: దూరం నుంచి లారీల్లో, ఓడల్లో వచ్చే తిండి మానేసి చుట్టుపక్కల పండినదే తినాలని ఇంట్లో రూల్ పెట్టాను. దీనివల్ల భూమికి ఒరిగేదేమీ లేదంటాడు మా అబ్బాయి. ఎవరిది కరెక్టు?

జవాబు: కాలుష్యం లెక్కల వరకైతే చాలావరకు మీ అబ్బాయిదేనండి. 2018లో పూర్, నెమెచెక్ అనే ఇద్దరు పరిశోధకులు 119 దేశాల్లోని దాదాపు 38,700 పొలాల వివరాలు ఒకచోట చేర్చి చూస్తే, చాలా పదార్థాల విషయంలో భూమిని వేడెక్కించే వాయువుల్లో రవాణా వాటా పది శాతం లోపే తేలింది. మిగతాదంతా ఎక్కువగా పొలం దగ్గరే పుడుతుంది: ఎరువులు, పశువులు వదిలే మీథేన్, సాగు కోసం కొట్టేసిన అడవి. చలిదేశంలో హీటర్లు పెట్టి గాజు గదిలో పండించిన టమాటా పక్కవీధిదే అయినా, ఎక్కడో ఎండలో పండి ఓడెక్కి వచ్చిన టమాటా కంటే ఎక్కువ ఇంధనం తాగి ఉండొచ్చు. విమానంలో వచ్చే తాజా సరుకు సంగతి వేరు, దాన్ని మానేయండి.

అలాగని రూల్ ఎత్తేయమనడం లేదు. దగ్గరి తిండితో అసలు లాభం కిలోమీటర్లలో లేదు. పండించినవాడు మన కళ్లకి కనబడతాడు, ఏం మందు కొట్టావు, ఎప్పుడు కోశావు అని నిలబెట్టి అడగొచ్చు, మధ్యలో నలుగురు తినే డబ్బు అతని చేతిలో మిగులుతుంది. పంట పక్కనే ఉన్నా దానిమీద మన మాట చెల్లకపోతే ఆ దగ్గరితనం దేనికీ పనికిరాదు. ఐర్లండ్‌లో 1845లో బంగాళదుంపకి తెగులు తగిలాక వచ్చిన కరువులో దాదాపు పది లక్షల మంది పోయారు. వాళ్ల కళ్లముందే ధాన్యం ఓడలెక్కి ఇంగ్లండ్ వెళ్తూనే ఉంది.

ప్రశ్న: పాతికమందిమి కలిసి సహకార సంఘం పెట్టుకుందామంటే, అవన్నీ చివరికి మునిగేవే అని అందరూ భయపెడుతున్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: మునిగేవి ఉన్నాయి. కంపెనీలూ మునుగుతాయి, అంతమాత్రాన కంపెనీలు పెట్టడం ఎవరూ మానలేదుగా! 1844 డిసెంబర్ 21న ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో 28 మంది, వాళ్లలో నేతపనివాళ్లు చాలామందే, తలా ఒక పౌండు కూడబెట్టి ఒక కొట్టు తెరిచారు. ఉన్న సరుకల్లా కాస్త వెన్న, చక్కెర, గోధుమపిండి, ఓట్స్ పిండి, కొన్ని కొవ్వొత్తులు. చుట్టూ కల్తీ రాజ్యమేలుతున్న రోజుల్లో వాళ్లు కల్తీ లేని సరుకు, సరైన తూకం అన్నారు. ఎన్ని వాటాలున్నా ఒకరికి ఒకే ఓటు. మిగిలిన లాభాన్ని ఎవరు ఎంత సరుకు కొన్నారో దాన్నిబట్టి పంచారు, అందుకే సభ్యుడు పక్క కొట్టుకి పోలేదు.

నాకు వీటన్నిటికంటే నచ్చింది ‘అప్పు లేదు’ అన్న రూలు. వినడానికి కటువుగా ఉంటుంది గానీ, సంఘంలో ఉండేది మనవాళ్లే కదా, మొహమాటంతో అరువిచ్చి ఆ అరువు వసూలు చేయలేక మూతపడ్డ సంఘాలు బోలెడు. మీరు ముందు తేల్చుకోవాల్సింది ఇదే, బోర్డు మీద పేరు తర్వాత చూసుకోవచ్చు.

ఇంకోటి. స్పెయిన్‌లో 1956లో ఒక చిన్న స్టవ్‌ల ఫ్యాక్టరీతో మొదలైన, పనివాళ్లే యజమానులుగా ఉండే మోండ్రాగాన్ సహకార సంస్థల్లో ఫాగోర్ అనేది 2013లో దివాలా తీసింది. సభ్యులుగా ఉన్న కార్మికుల్లో చాలామందికి తోటి సంస్థల్లో చోటు దొరికింది. విదేశీ ఫ్యాక్టరీల్లో సభ్యత్వం లేకుండా పనిచేసినవాళ్లకి ఆ భరోసా లేదు. అంచేత మీ దగ్గర పనిచేసేవాళ్లని సభ్యులుగా తీసుకుంటారా, జీతగాళ్లుగానే ఉంచుతారా అన్నది మొదటిరోజే రాసుకోండి.

ప్రశ్న: పెద్దవాళ్ల పద్ధతులు విజ్ఞానమా, మూఢనమ్మకమా?

జవాబు: ఒక్కొక్కటీ విడిగా చూడాల్సిందే. మెక్సికోలో వేల ఏళ్లుగా మొక్కజొన్న గింజల్ని సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, పొద్దున్న చేత్తో రుద్దుతారు. పైపొర జారిపోతుంది. గింజ మెత్తబడి ముద్దకి బాగుంటుంది, వాళ్లకి కనబడే లాభం అంతే. కనబడనిది ఏంటంటే గింజలో బిగుసుకుని ఉన్న నియాసిన్ అనే విటమిన్ ఆ సున్నంతో విడుదలై ఒంటికి పడుతుంది. యూరప్‌వాళ్లు మొక్కజొన్నని పట్టుకెళ్లారు, సున్నాన్ని అక్కడే వదిలేశారు. ఇటలీలో, తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో, మొక్కజొన్నే దిక్కైన పేదలకి చర్మం పగిలి, విరేచనాలు పట్టుకుని, మతి చలించే పెలాగ్రా జబ్బు వచ్చింది. చాలాకాలం అంటురోగం అనుకున్నారు. లోపం నియాసిన్‌దని తేలింది 1937లో.

ఆ మాటకొస్తే సీసం గిన్నెల్లో ద్రాక్షరసాన్ని మరిగించి తీపి చేసుకోవడం రోమన్ల సంప్రదాయం. సీసం విషమని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.