యూరియా సేంద్రియమా, కాదా?

సందేహం: మాస్టారూ, నమస్తే. నేను బీఎస్సీ రెండో ఏడు చదువుతున్నాను. మా మేనత్త దాచిపెట్టుకున్న పాత తెలుగు మీడియం కెమిస్ట్రీ పుస్తకం ఒకటి నా చేతికొచ్చింది. అందులో యూరియాను 'సేంద్రియ సమ్మేళనం' అని రాశారు. ఆ మాట నాన్నకు చదివి వినిపిస్తే పకపకా నవ్వారు. ఆయన మూడేళ్లుగా సేంద్రియ సాగు చేస్తున్నారు, గట్టు మీదికి కూడా యూరియా బస్తా రానివ్వరు. "యూరియానే సేంద్రియమైతే నేనీ మూడేళ్లూ డ్రమ్ముల్లో జీవామృతం కలిపి చచ్చిందెందుకే?" అన్నారు. తప్పెవరిది? ఇంకొకటి, దీనికి వ్యతిరేకపదం నిరింద్రియమా, నిరేంద్రియమా? రెండూ కనిపిస్తున్నాయి.

సమాధానం: అమ్మా, ముందు చిన్నది తేల్చేద్దాం. నిరింద్రియమే. 'సేంద్రియ'లో ఏత్వం గుణసంధి వల్ల వచ్చింది: స, ఇంద్రియ కలిస్తే అకారమూ ఇకారమూ కలిసి ఏకారమయ్యాయి. 'నిర్' చివర ఉన్నది హల్లు, అక్కడ అకారమే లేదు, ఇక ఏత్వం ఎక్కడినుంచి వస్తుంది? పక్కనే సేంద్రియ ఉంది కదా అని దానికి జోడీగా నిరేంద్రియ అనేస్తున్నారు. చెవికి బాగానే ఉంటుంది, తప్పు మాత్రం తప్పే.

ఇక పెద్దది. మీ అత్తయ్యగారి పుస్తకమూ తప్పు కాదు, మీ నాన్నగారూ తప్పు కాదు. ఎవరినైనా అనాలంటే, ఒకే మాటను రెండు వేర్వేరు పనులకు పురమాయించిన మా అనువాదకుల్ని అనాలి.

నిజానికి ఈ మాట అనువాదం కోసం పుట్టింది కాదు. చరకసంహిత సూత్రస్థానం మొదటి అధ్యాయంలోనే ఉంది, 'సేంద్రియం చేతనం ద్రవ్యం, నిరింద్రియమచేతనమ్' అని. ఇంద్రియాలున్నది చేతనం, లేనిది అచేతనం. ఆవు సేంద్రియం, బండరాయి నిరింద్రియం, అంతే, పేచీ లేదు. పేచీ వచ్చింది ఆర్గానిక్ అన్న మాటకు తెలుగు వెతుక్కున్నప్పుడు. ఆర్గాన్ అంటే గ్రీకులో మొదట పనిముట్టు, తర్వాత శరీరంలో పనిచేసే భాగం. అంటే మన అవయవం. ఆ లెక్కన 'సావయవ' అనాల్సింది, కానీ సేంద్రియ అప్పటికే సిద్ధంగా ఉంది, నోటికీ బాగుంది, అదే స్థిరపడింది. మరాఠీవాళ్లూ దీన్నే పట్టుకున్నారు, వాళ్లకిది 'సేంద్రియ శేతీ'. హిందీవాళ్లు మాత్రం 'జైవిక్ ఖేతీ' అని వేరే దారిలో పోయారు.

అసలు రసాయనశాస్త్రంలోకి ఆ ఆర్గానిక్ ఎందుకొచ్చిందంటే, 19వ శతాబ్దం మొదట్లో స్వీడన్‌లో బెర్జీలియస్ లాంటి వాళ్లు పదార్థాల్ని రెండు కుప్పలు చేశారు. చక్కెర, నూనె, యూరియా లాంటివి ప్రాణుల్లోనే తయారవుతాయనీ, అందుకు ఏదో ప్రాణశక్తి కావాలనీ, గాజు పాత్రలో వాటిని చేయడం కుదరదనీ అప్పట్లో నమ్మకం. యూరియా మూత్రంలో దొరికే పదార్థం కాబట్టి అచ్చమైన సేంద్రియం కిందే లెక్క. 1828లో జర్మనీలో ఫ్రెడరిక్ వోలర్ అమ్మోనియం సయనేట్ చేద్దామని కూర్చుంటే చివరికి గిన్నెలో తెల్లటి స్ఫటికాలు మిగిలాయి. చూస్తే యూరియా! మనిషిదో కుక్కదో మూత్రపిండం అక్కర్లేకుండానే యూరియా చేయగలనని ఆయన సంబరంగా బెర్జీలియస్‌కే ఉత్తరం రాశాడు. ఆ ఒక్క ఉత్తరంతో ప్రాణశక్తి సిద్ధాంతం కుప్పకూలలేదు, మెల్లగా పోయింది. సిద్ధాంతం పోయినా పేరు పోలేదు. మాటల తీరే అంత, కారణం చచ్చినా పేరు బతికే ఉంటుంది. ఆమ్లజనినే, అంటే ఆక్సిజన్‌నే, చూడండి. ప్రతి ఆమ్లంలోనూ అది ఉంటుందనుకుని పెట్టిన పేరు అది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో దాని జాడే లేదని తేలి రెండు శతాబ్దాలు దాటింది, పేరు మార్చామా?

మరి ప్రాణశక్తి కాకపోతే ఆ కుప్పలో ఉన్నవాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటి? బొగ్గు. అంటే కర్బనం. మన ఒంటి బరువులో సుమారు 65 శాతం ఆక్సిజనే, ఎక్కువ భాగం నీళ్లలో ఉన్నది. కర్బనం 18 శాతం దాకా, హైడ్రోజన్ 10, నత్రజని 3 ఉంటాయి. బరువులో ఆక్సిజన్‌ది పైచేయి కావచ్చు, ఇంటి వాసాలు మాత్రం కర్బనానివి. దానికి నాలుగు చేతులు, ఒక చేత్తో ఇంకో కర్బనాన్ని, ఇంకో చేత్తో నత్రజనిని, అలా పట్టుకుంటూ పొడుగాటి గొలుసులు అల్లేస్తుంది. పిండిపదార్థమైనా కొవ్వైనా మాంసకృత్తైనా ఆ అల్లికే. (మాంసకృత్తు అంటే మాంసం ఉన్నది కాదు, మాంసాన్ని చేసేది. కందిపప్పులో మాంసకృత్తులంటే కంగారు పడే శాకాహారులు ఇప్పటికీ నాకు ఉత్తరాలు రాస్తుంటారు, అందుకని చెబుతున్నా.) అందుకే తర్వాత వచ్చిన పాఠ్యపుస్తకాలు సేంద్రియను వదిలేసి 'కర్బన రసాయనశాస్త్రం' అన్నాయి. మంచి పని చేశాయి. అదీ నూటికి నూరుపాళ్లు అతికిందని కాదు, సున్నపురాయిలోనూ వంటసోడాలోనూ కర్బనం ఉన్నా వాటిని అకర్బనాల్లోనే వేస్తారు. అయినా యూరియా దగ్గర తికమక ఉండదు. ఒక కర్బనం, ఒక ఆక్సిజన్, రెండు నత్రజనులు, నాలుగు హైడ్రోజన్లు, నిక్షేపంగా కర్బన సమ్మేళనం.

ఇప్పుడు మీ నాన్నగారి డ్రమ్ము దగ్గరికి వద్దాం. తెల్లారుజామున గొడ్ల కొట్టంలో అడుగుపెడితే కళ్లు మండించే ఘాటు ఒకటి గుప్పుమంటుంది కదా, అది అమ్మోనియా. ఆవు మూత్రంలో నత్రజని చాలావరకు యూరియా రూపంలోనే ఉంటుంది. పేడలోనూ మట్టిలోనూ ఉండే సూక్ష్మజీవులు యూరియేజ్ అనే ఎంజైముతో దాన్ని విరగ్గొడితే అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. (ఈ రెండోదాన్ని మా చిన్నప్పుడు బొగ్గుపులుసుగాలి అనేవాళ్లం. పులుసంటే ఆమ్లం. ఎంత రుచైన మాటను పోగొట్టుకున్నాం!) 200 లీటర్ల నీళ్లలో పది కిలోల పేడ, బెల్లం, పప్పుల పిండితో పాటు ఆయన పోసే ఐదు పది లీటర్ల మూత్రంలో ఉన్న యూరియా అణువూ, రామగుండంలో బస్తాకెత్తిన యూరియా అణువూ అచ్చంగా ఒకటే. పక్కపక్కన పెడితే ఏది ఎక్కడిదో మొక్కకే కాదు, కెమిస్ట్రీ లెక్చరర్‌కీ తెలియదు.

అయినా ఆయన మాట నెగ్గుతుంది. ఎందుకంటే ఆయన నోట్లో ఉన్న సేంద్రియ అణువు గురించి కాదు, పొలం గురించి. 1940లో ఇంగ్లండ్‌లో నార్త్‌బోర్న్ ప్రభువు ఆర్గానిక్ సాగు అనే మాటను వాడినప్పుడు ఆయన ఉద్దేశం, పొలం మొత్తం ఒక శరీరం లాంటిదని. నేల, పైరు, పశువు, పేడ అన్నీ ఒకదానికొకటి అవయవాలు, ఒకటి వదిలింది ఇంకోటి అందుకోవాలి. ఈ లెక్కలో యూరియా ఏమిటన్నది ప్రశ్న కాదు, ఎక్కడినుంచి వచ్చిందన్నదే ప్రశ్న. కొట్టంలోంచి వస్తే ఇంటిది, సహజవాయువుతో నడిచే ఫ్యాక్టరీలోంచి వస్తే బయటిది. ఒక రకంగా చరకుడి అర్థానికి మీ పుస్తకం కంటే మీ నాన్నగారే దగ్గరగా ఉన్నారు.

అయితే ఆయన కూరగాయల బుట్ట మీద 'రసాయనాలు లేనివి' అని బోర్డు పెడితే మాత్రం మీరు నవ్వొచ్చు. నీళ్లూ రసాయనమే, వంకాయా ఆ మాటకొస్తే రసాయనాల మూటే. పైగా ఆయుర్వేదంలో రసాయనమంటే ముసలితనాన్ని దూరం పెట్టే మందు, చ్యవనప్రాశ పెద్ద రసాయనం. అంత పెద్దమనిషి లాంటి మాట చివరికి పురుగుమందుకు మారుపేరైపోయింది. 'రసాయన ఎరువులు, పురుగుమందులు వాడనివి' అని రాయించండి. కాస్త పొడుగైనా నిజం.

మీ మట్టుకు మీరు, పరీక్షలో కర్బన సమ్మేళనం అని రాయండి, సేంద్రియను పొలానికి వదిలేయండి. ఇంట్లో భూసార పరీక్ష కార్డు ఉంటే ఒకసారి తీసి చూడండి, 'సేంద్రియ కర్బనం' అని ఒక గడి ఉంటుంది. మీ తండ్రీకూతుళ్ల మాటలు రెండూ అందులో పక్కపక్కనే ఉన్నాయి, అక్కడ రెండూ కావాలి కూడా, ఎందుకంటే సున్నపురాళ్లలో ఉండే కర్బనాన్ని ఆ గడిలో లెక్కవేయరు. అర శాతం కంటే తక్కువుంటే నేల చిక్కినట్టు, ముప్పావు శాతం దాటితే బాగున్నట్టు. ఈ మూడేళ్లలో అది ఎంత పెరిగిందో నాన్నగారిని అడిగి నాకూ రాయండి.