మనవరాలి సరదాకి సీనియర్ సిటిజన్ స్కీమ్ డబ్బు తియ్యాలా?

ప్రశ్న: మాది విశాఖలో గాజువాక. నాకు 66, మా ఆవిడకి 61. స్థలం అమ్మగా వచ్చిన డబ్బులో 20 లక్షలు ఏడాది ఎనిమిది నెలల కిందట పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీమ్‌లో వేశాను. బ్యాంకులో 6 లక్షల ఎఫ్‌డీ ఉంది, దాని మీద ఏడు శాతం వడ్డీ వస్తుంది. పెన్షన్ నెలకి 4,300. సొంతిల్లు, అప్పుల్లేవు, నెల ఖర్చు 17 వేలు. అమ్మాయి, అల్లుడు హైదరాబాద్‌లో ఉంటారు. మనవరాలికి పదమూడు నెలలు. మొన్న అందరం కలిసి దాన్ని మొదటిసారి అక్కడి వండర్‌లా పార్కుకి తీసుకెళ్లాం. అమ్మాయి రంగులరాట్నం ఎక్కింది, పాపని ఎత్తుకుని నేను కటకటాల దగ్గర నిలబడ్డాను. వాళ్లమ్మ గుర్రం ఇటు తిరిగి వచ్చినప్పుడల్లా కేకలు పెట్టడం, అటు వెళ్లిపోగానే ఏదీ అన్నట్టు నా మొహంలోకి చూడడం! అంత సంతోషం నాకు ఎన్నాళ్లకో. రైలు, టికెట్లు అన్నీ కలిపి 27 వేలయింది, నేనే పెట్టుకున్నాను. పాపకి ఇవేవీ గుర్తుండవు, ఆ డబ్బు సిప్‌లో (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కట్టేది) వేస్తే బాగుండేది కదా మామయ్యా అన్నాడు అల్లుడు. నాకేమో దానికి ఐదారేళ్లు వచ్చేదాకా ఏడాదికి రెండుసార్లు ఇలా తిప్పాలని ఉంది. స్కీమ్‌లోంచి 5 లక్షలు తీసి ఇందుకని పక్కన పెట్టుకోవచ్చా? దాని పేరున సుకన్య ఖాతా, అదే ఆడపిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన పొదుపు పథకం, అది కూడా తెరవాలనుకుంటున్నాను.

జవాబు: ముందు ఆ 27 వేల సంగతి చెప్తాను బాబాయ్ గారూ, ఎందుకంటే మీ ఉత్తరంలో అసలు బాధ అక్కడే ఉందనిపించింది. అది వృథా ఖర్చు కాదు. పాపకి గుర్తుండదని మీ అల్లుడు గారు అన్నది నిజమే కానీ ఆ టికెట్టు పాప కోసం కొన్నది కాదు, మీ కోసం, మీ ఆవిడ కోసం కొన్నది, మీ ఇద్దరికీ గుర్తుంది కదా, చాలు. ఇన్నేళ్లు ఉద్యోగం చేసి, పిల్లని చదివించి, పెళ్లి చేసి, అప్పు లేకుండా కూర్చున్న మనిషి తన వడ్డీ డబ్బుతో మనవరాలిని ఎత్తుకుని ఒకరోజు తిరగడానికి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. సిప్ మంచిదే, తప్పకుండా కట్టాలి, కాకపోతే అది జీతం వచ్చే అమ్మానాన్నలు కట్టాల్సింది. వాళ్లకి ఇంకా పాతికేళ్ల సంపాదన ఉంది.

ఇక 5 లక్షలు తియ్యడం. దీనికి మాత్రం వద్దనే చెప్తాను. సీనియర్ సిటిజన్ ఖాతాలోంచి కొంచెం డబ్బు తీసుకోవడం కుదరదు, తీస్తే ఖాతా మొత్తం మూసెయ్యాలి. ఏడాది దాటి రెండేళ్లలోపు మూస్తే అసలులో ఒకటిన్నర శాతం కోస్తారు. 20 లక్షల మీద అది 30 వేలు. అంటే పాపని ఎక్కడికీ తీసుకెళ్లకుండానే ఒక ట్రిప్పు డబ్బు పోస్టాఫీసు కౌంటర్ దగ్గరే అయిపోయింది. రెండేళ్లు దాటాక మూసినా ఒక శాతం, 20 వేలు పోతాయి. మిగతా 15 లక్షలతో మళ్లీ ఖాతా తెరిస్తే ఆ రోజు ఏ వడ్డీ రేటు ఉంటే అదే వస్తుంది, ఇప్పుడు మీకున్న 8.2 శాతమైతే ఐదేళ్లూ మారదు. పైగా ఆ 5 లక్షల మీద నెలకి 3,400 వడ్డీ ఆగిపోతుంది, ఇంటి ఖర్చు పోగా మీకు నెలనెలా మిగిలేదే నాలుగు వేల పైచిలుకు.

ఆ మిగులులోనే మీ సరదా తీరుతుంది, లెక్క వేసి చూపిస్తాను. స్కీమ్ వడ్డీ మూడు నెలలకి 41,000, అంటే నెలకి 13,667. ఎఫ్‌డీ మీద నెలకి 3,500 వేసుకోండి, పెన్షన్ 4,300. మొత్తం ఇరవై ఒక్క వేల చిల్లర. 17 వేలు ఖర్చయితే మూడు నెలలకి పదమూడు వేలు చేతిలో ఉంటాయి. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ మొదట్లో వడ్డీ పడగానే, ఆ రోజే, 8 వేలు మీ ఆవిడ పేరున వేరే సేవింగ్స్ ఖాతాలోకి మార్చెయ్యండి. ఆ ఖాతాకి ఏటీఎం కార్డు కూడా తీసుకోవద్దు. ఏడాదికి 32 వేలు అవుతాయి, హైదరాబాద్ ట్రిప్పు ఒకటి నిశ్చింతగా వెళ్లిరావచ్చు. రెండంటే 54 వేలు, మిగులంతా దానికే ఊడ్చిపెట్టాలి. అప్పుడు ఇంట్లో మోటారు కాలిపోయినా, ఎవరికైనా పంటి నొప్పి వచ్చినా ఎఫ్‌డీ మీదే పడతారు. కాబట్టి ఏడాదికి ఒకసారే.

రెండోది మన ఊళ్లోనే పెట్టుకోండి. సంక్రాంతికి అమ్మాయి వాళ్లు ఎలాగూ వస్తారు, జనవరి వడ్డీ కూడా అప్పటికి పడి ఉంటుంది. కైలాసగిరి మీద టాయ్ ట్రైన్ ఎక్కించండి, కొండ చుట్టూ తిరుగుతుంటే కింద సముద్రం కనిపిస్తుంది. బీచ్ రోడ్డులో వీఎంఆర్‌డీఏ పార్కు ఉంది, జూ ఉంది. ఏడాది పిల్లకి ఏనుగు కనిపిస్తే చాలు, టికెట్టు ఖరీదు దానికేం తెలుసు?

హైదరాబాద్ వెళ్లినప్పుడు కూడా ఖర్చు చాలా తగ్గించుకోవచ్చు. వండర్‌లాలో ఎత్తు 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకి ప్రవేశం ఉచితం. ఆడపిల్లలు చాలామంది రెండేళ్లు వచ్చేదాకా అంత ఎత్తు రారు, అంటే మళ్లీ ఏడాదిలోపు వెళ్తే పాపకి టికెట్ అక్కర్లేకపోవచ్చు. రైల్లో బెర్త్ వద్దంటే ఐదేళ్లలోపు పిల్లలకి టికెట్ లేదు. శని, ఆదివారాల్లో కాకుండా మామూలు రోజుల్లో వెళ్లండి, టికెట్టూ తక్కువ, రద్దీ కూడా తక్కువ. అరవై దాటినవాళ్లకి రాయితీ ఉంటుంది, ఆధార్ కార్డు మర్చిపోవద్దు. క్యూలో నిలబడకుండా వెళ్లే ఫాస్ట్‌ట్రాక్ టికెట్ జోలికి మాత్రం పోకండి. చంటిపిల్లతో పెద్ద రైడ్‌లు ఎలాగూ ఎక్కరు, మధ్యాహ్నం పాలు తాగి మీ భుజం మీద నిద్రపోతే రెండు గంటలు నీడలో కూర్చోవాల్సిందే, అక్కడ ఆ టికెట్ దేనికి పనికొస్తుంది?

సుకన్య సమృద్ధి ఖాతా మీరు తెరవలేరు. తల్లిగానీ తండ్రిగానీ తెరవాలి, లేదంటే చట్టబద్ధమైన గార్డియన్. తాతలు, అమ్మమ్మలు తెరిచిన పాత ఖాతాల్ని తల్లిదండ్రుల సంరక్షణలోకి మార్చాలని 2024 అక్టోబర్ 1 నుంచి నిబంధన కూడా వచ్చింది. మీ అమ్మాయి చేత తెరిపించి, మీరు నెలకి వెయ్యి రూపాయలు ఆమె ఖాతాకి పంపండి. కూతురికిచ్చే డబ్బుకి ఆమె పన్ను కట్టక్కర్లేదు. ఆమె ప్రతి నెలా 5వ తేదీలోపు కడితే ఆ నెల వడ్డీ పోదు. పదిహేనేళ్లు ఇలా కట్టి, ఇప్పటి 8.2 శాతమే కొనసాగితే, ఖాతా తెరిచిన 21 ఏళ్లకి సుమారు ఐదున్నర లక్షలు వస్తాయి. ప్రభుత్వం రేటుని మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది కాబట్టి అటూ ఇటూ కావచ్చు. పదిహేనేళ్లంటే మీకు 81 వస్తాయి, అంతకాలం కట్టి తీరాలని పట్టు పట్టొద్దు. ఏడాదికి 250 కట్టినా ఖాతా నడుస్తుంది, ఎప్పుడైనా మీ చేతిలో ఆడకపోతే అమ్మాయి వాళ్లు చూసుకుంటారు. అల్లుడు గారికి ఈ మాట కూడా చెప్పండి, ఆయన దిగులు తీరుతుంది.

ఎఫ్‌డీ ఆరు లక్షలూ ముట్టుకోకండి, అది మీ ఇద్దరి ఆరోగ్యానికి. స్కీమ్ ఖాతాలో నామినీగా మీ ఆవిడ పేరు ఉందో లేదో ఈ వారంలోనే పాస్‌బుక్ తీసుకెళ్లి అడగండి. ఆమెకి అరవై దాటాయి, ఖాతాదారుకి ఏమైనా అయితే భార్య దాన్ని మూసెయ్యకుండా అదే వడ్డీతో గడువుదాకా కొనసాగించుకోవచ్చు. పేరు లేకపోతే ఆ కౌంటర్‌లోనే ఫారం ఇస్తారు, నింపి ఇచ్చి రసీదు తీసుకోండి.