ఆదివారం సంచిలో, గురువారం చెత్తబుట్టలో

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగస్తులం. పిల్లలిద్దరు, మా అత్తగారు, మొత్తం ఐదుగురం. ఆదివారం పొద్దున్నే కూకట్‌పల్లి రైతుబజారుకు వెళ్లి వారానికి సరిపడా కూరగాయలు తెస్తాం. గురువారం వచ్చేసరికి తోటకూర కుళ్లిపోయి, బెండకాయలు నల్లబడి సగం పారేస్తున్నాం, మళ్లీ ఫోన్‌లో ఆర్డర్ పెడుతున్నాం. ఏ రోజు ఏం వండాలో చార్ట్ రాసి ఫ్రిజ్‌కు అంటించినా రెండు రోజులకే తప్పిపోతోంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు ఆ చార్ట్ పీకేయండమ్మా. మంగళవారం బీరకాయ అని ఇంట్లో కూర్చుని రాసుకుంటాం, తీరా బజారుకెళ్తే బీరకాయలు వడిలిపోయి ఉంటాయి, లేదా ధర మండిపోతుంటుంది, అయినా చార్ట్‌లో ఉంది కదా అని కొనేస్తాం. అక్కడ బాగున్నవి కొనండి, వండేటప్పుడు మాత్రం ఏది ముందు పాడవుతుందో ఆ వరసలో వండండి. ఆకుకూరలు ఆది, సోమవారాల్లోనే అయిపోవాలి. తర్వాత బెండ, బీర, వంకాయ. దొండకాయ, క్యాబేజీ, క్యారెట్ గురువారం దాకా ఆగుతాయి. దోసకాయ, చేమదుంప, కంద, బంగాళదుంప శుక్ర, శనివారాలకు ఉంచండి, వాటికి ఫ్రిజ్ కూడా అక్కర్లేదు. గోంగూర ఎక్కువ తెచ్చేస్తే ఆ రోజే నూనెలో మగ్గబెట్టి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, బుధవారం పప్పులో పడేయొచ్చు.

ఇక ఎంత కొనాలన్నది. అర కిలో బెండకాయలు వేపుడు చేస్తే మూకుడు దించేసరికి ఐదుగురికి బొటాబొటి. అదే ఒక దోసకాయ, గ్లాసు కందిపప్పు ఉంటే ఇంటిల్లిపాదీ తిని కాస్త మిగులుతుంది కూడా. అంటే వేపుళ్లెన్ని, పప్పులెన్ని, పులుసులెన్ని అన్న లెక్క ఒక్కటి మనసులో ఉంటే చాలు, సంచి బరువు దానంతటదే తగ్గుతుంది. ఏడు రోజులకూ కొనొద్దు, ఐదు రోజులకు కొనండి. ఒక పూట ఎవరింట్లోనో భోజనం తగులుతుంది, ఇంకో పూట ఓపిక లేక చారు, అప్పడాలతో సరిపెట్టేస్తారు, మీ అత్తగారు శనివారం ఒంటిపూట ఉండేవారైతే ఆ రాత్రికి ఎలాగూ ఉప్మానే.

తెచ్చినవన్నీ కడిగి తడితడిగా ఫ్రిజ్‌లో తోసేస్తున్నారేమో, చాలా ఇళ్లలో కొత్తిమీర ప్రాణం తీసేది అదే. వేళ్లు కత్తిరించి, కుళ్లిన ఆకు ఏరేసి, పొడిగుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టండి. వండే ముందు కడుక్కోవచ్చు. పచ్చిమిర్చికి తొడిమలు తీసేయండి. ఉల్లిపాయలు, బంగాళదుంపలు ఒకే బుట్టలో వేయకండి, దుంపలకు తొందరగా మొలకలొస్తాయి.

బజారుకు బయల్దేరే ముందు ఫ్రిజ్ కింది అర ఒక్కసారి లాగి చూడండి, లేదా ఫోటో తీసి మీవారి ఫోన్‌కు పంపండి. లేకపోతే లోపల కిలో టమాటాలు ఉండగానే ఇంకో కిలో వస్తాయి. వారం మధ్యలో కొత్తిమీర అయిపోయిందని యాప్ తెరిచారంటే, డెలివరీ ఛార్జీ తప్పించుకోవడానికి చిప్స్, బిస్కెట్లు కూడా కలిపేస్తారు, మాకూ తెలుసు. బుధవారం సాయంత్రం వీధిలోకి తోపుడుబండి వస్తే రెండు కట్టల ఆకుకూర, ఒక కొత్తిమీర కట్ట తీసుకోండి, ఆదివారం దాకా గడిచిపోతుంది.