రెండు ఆఫీసుల్ని ఒకటి చేసే పని నీ నెత్తిన పడితే

చిన్నా,

నీ మెయిల్ రెండుసార్లు చదివాను. మీ డిపార్ట్‌మెంట్‌లో రెండు ఏజెన్సీలను కలిపేస్తున్నారనీ, నిన్ను ఆ టీమ్‌లో వేశారనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందనీ రాశావు. టెన్షన్ పడాల్సిన పనే, కాదనను. ఈ బ్రిటన్‌లో సర్కారు ఆఫీసులో ఫోన్లు ఎత్తే సీటు దగ్గర్నుంచి సూపర్‌వైజర్ దాకా ఇరవై ఆరేళ్లు చేశాను కదా, అందులో రెండు విలీనాలు చూశాను. ఒకటి బాగానే జరిగింది. రెండోది తలుచుకుంటే ఇప్పటికీ తలనొప్పి వస్తుంది. ఏ ఆఫీసు, ఎవరు అన్నవి ఇక్కడ రాయను, అవి మనం కలిసినప్పుడు చెప్పుకుందాం.

ఉదాహరణకి అందరికీ తెలిసిన డీవీఎస్‌ఏనే తీసుకుంటాను. నువ్వు డ్రైవింగ్ టెస్ట్ ఇచ్చింది వాళ్లకే, నీ కారుకి ఏటా ఎంఓటీ, అంటే బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందా అన్న పరీక్ష, చేసే గ్యారేజీకి అనుమతి ఇచ్చిందీ వాళ్లే. 2014కి ముందు ఇవి రెండు వేర్వేరు ఆఫీసులు. మనుషుల్ని పరీక్షించేది డ్రైవింగ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ, పెద్దాఫీసు నాటింగ్‌హామ్‌లో. బండ్లని, లారీ కంపెనీలని చూసుకునేది వోసా, అది బ్రిస్టల్‌లో.

మొట్టమొదట చెయ్యాల్సిన పని ఏమిటంటే, కొత్త సంస్థ బొమ్మ గీసే ముందు పాత కథ తవ్వు. ఈ రెండూ అసలు ఎప్పుడు విడిపోయాయి, ఎందుకు విడిపోయాయి అని. ఎందుకంటే చాలాసార్లు మనం కలుపుతున్నది ఒకప్పుడు ఉమ్మడి కుటుంబమే అయివుంటుంది. బండ్ల తనిఖీ, డ్రైవర్ల పరీక్ష రెండూ ఒకప్పుడు రవాణా శాఖ లోపలి పనులే. థాచర్ ప్రభుత్వం శాఖల్లోంచి పనుల్ని విడదీసి ఏజెన్సీలుగా వేరు కాపురాలు పెట్టించడం మొదలుపెట్టినప్పుడు, 1988లో మొట్టమొదట బయటికి వచ్చింది బండ్ల తనిఖీ చేసే వెహికల్ ఇన్‌స్పెక్టరేటే. 1990లో డ్రైవింగ్ టెస్టుల వాళ్లు వచ్చారు. 2003లో ఆ ఇన్‌స్పెక్టరేట్‌ని, లారీల బస్సుల లైసెన్సులు చూసే ప్రాంతీయ ఆఫీసులని కలిపి వోసా అన్నారు. 2014లో ఆ వోసాని, డ్రైవింగ్ టెస్టుల వాళ్లని కలిపి డీవీఎస్‌ఏ అన్నారు. అంటే పాతికేళ్లలో విడదీసి, సగం కలిపి, మళ్లీ మొత్తం కలిపారు. అప్పట్లో విడదీయడానికి చెప్పిన కారణం ఇప్పటికీ అలాగే ఉందేమో చూడు. ఉంటే దాన్ని పక్కన పెట్టేసి కలిపినంత మాత్రాన అది పోదు, లోపల కూర్చుని పదేళ్ల తర్వాత మళ్లీ లేస్తుంది.

తర్వాత, మనుషులకి చెప్పే విషయం. డీవీఎస్‌ఏ సంగతిలో 2013 జూన్‌లో విలీనం ప్రకటించారు, నవంబర్‌లో పేరు చెప్పారు, 2014 ఏప్రిల్ 2 నుంచి కొత్త సంస్థ వచ్చింది. మధ్యలో, పేరు పెట్టకముందే, రెండు ఏజెన్సీలకీ ఒకే చీఫ్ ఎగ్జిక్యూటివ్‌ని పెట్టేశారు. ఇది నాకు నచ్చిన పని. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా, ఇద్దరు పెద్దవాళ్లని ఉంచి "మీరిద్దరూ కలిసి విలీనం చెయ్యండి" అంటే ఎవరి మనుషుల్ని వాళ్లు కాపాడుకోవడంతోనే ఏడాది గడిచిపోతుంది. మా రెండో విలీనంలో జరిగింది అదే. ప్రతి మీటింగ్‌కీ రెండు నోట్లు, రెండు రకాల లెక్కలు, ఎవరికి వారే యమునా తీరే.

సిబ్బంది నిన్ను అడిగేది సంస్థ లక్ష్యం గురించి కాదు చిన్నా. నా సీటు ఏ ఊళ్లో ఉంటుంది, నా పై ఆఫీసర్ ఎవరు, నా జీతం పక్క ఏజెన్సీ వాడి జీతంతో సమానం చేస్తారా, నా సెలవులు పోతాయా. ఇంతే. ఈ నాలుగింటికీ జవాబు నీ దగ్గర లేకపోతే "ఇంకా తేలలేదు, ఫలానా తేదీకి చెబుతాం" అని రాసి పంపు, ఆ తేదీకి తప్పకుండా చెప్పు. జవాబు ఇంకా "తేలలేదు" అయినా సరే. మేం ఏడు నెలలు క్యాంటీన్ వార్తల మీద బతికాం, ఆ ఏడు నెలల్లో పని తెలిసినవాళ్లలో సగం మంది వేరే ఉద్యోగాలు చూసుకున్నారు. వెళ్లిపోయేది ఎప్పుడూ బయట పని దొరికేవాళ్లే అని నీకు చెప్పక్కర్లేదు.

పేరు గురించి ఒక మాట. దయచేసి ఇంకో సంస్థకి ఒక్క అక్షరం తేడాతో ఉండే పేరు పెట్టనివ్వకు. డీవీఎస్‌ఏ ఉంది, స్వాన్సీలో డీవీఎల్‌ఏ ఉంది, నార్తర్న్ ఐర్లండ్‌లో డీవీఏ ఉంది. లైసెన్స్ కార్డు, బండి రిజిస్ట్రేషన్, రోడ్డు ట్యాక్స్ అన్నీ స్వాన్సీ వాళ్ల పని, టెస్టులు డీవీఎస్‌ఏ పని. ఈ దేశంలో పుట్టి పెరిగినవాళ్లకే ఇది గుర్తుండదు, మన వాళ్ల సంగతి ఇంకెంత. తప్పు ఆఫీసుకి వచ్చిన ఫోన్‌కి కూడా ఎవరో ఒకరు జీతం తీసుకుని జవాబు చెప్పాల్సిందే కదా. నేను ఆ సీట్లో కూర్చుని చెబుతున్నాను, "ఇది మా పని కాదండీ" అని రోజుకి నలభై సార్లు అనడం అంత నీరసం ఇంకోటి లేదు, వినేవాడికీ అంతే.

ఇక అసలు ప్రశ్న. ఏం కలపాలి అని అందరూ అడుగుతారు. నువ్వు ఏం కలపకూడదు అని అడుగు.

డ్రైవింగ్ ఎగ్జామినర్ నలభై నిమిషాలు పక్క సీట్లో కూర్చుని, వణుకుతున్న పిల్లవాడు రౌండబౌట్ దగ్గర ఏం చేస్తాడో చూస్తాడు. వెహికల్ ఎగ్జామినర్ లారీని రోడ్డు పక్కన ఆపించి కిందకి దూరి బ్రేకులు చూస్తాడు, డ్రైవర్ ఎన్ని గంటలు విశ్రాంతి లేకుండా నడిపాడో రికార్డులు తీస్తాడు. ఇద్దరి ఉద్యోగం పేరులో "ఎగ్జామినర్" ఉన్నంత మాత్రాన ఇతని పని అతను చెయ్యలేడు, ఇద్దరి శిక్షణా వేరు. కాబట్టి జీతాల విభాగం, కంప్యూటర్ల కొనుగోళ్లు, బిల్డింగులు, వెబ్‌సైట్, ఫోన్ సెంటర్ కలుపు, చేతిపని తెలిసినవాళ్లని కదపకు. ఆ హద్దు మొదటి నెలలోనే కాగితం మీద గీసుకో, లేకపోతే ఎవరో ఒక కన్సల్టెంట్ వచ్చి "బహుళ నైపుణ్యాల సిబ్బంది" అని ఒక స్లైడ్ చూపిస్తాడు, పైవాళ్లకి అది నచ్చేస్తుంది.

ఇంకోటి కూడా ముందే చెప్పెయ్యి, మంత్రిగారి ఆఫీసుకైనా సరే. విలీనం వల్ల క్యూ తగ్గదు. కోవిడ్ తర్వాత డ్రైవింగ్ టెస్ట్ స్లాట్ కోసం జనం నెలల తరబడి ఎదురుచూశారు. సంస్థ ఒకటే అయి అప్పటికి చాలా ఏళ్లయింది, అయినా ఎగ్జామినర్లు చాలకపోతే చాలరు, అంతే. 2023 అక్టోబర్ నుంచి మార్చి దాకా, ఎగ్జామినర్‌గా అర్హత ఉన్న మేనేజర్లని, ఆఫీసు సిబ్బందిని కూడా మళ్లీ కార్లలో కూర్చోబెట్టి లక్షన్నర అదనపు టెస్టులు పెట్టాలనుకున్నారు. గమనించావా, వెళ్లింది అర్హత ఉన్నవాళ్లే. విలీనం మిగిల్చేది డబ్బు, అదీ కొన్నేళ్ల తర్వాత. మొదటి రెండేళ్లు ఖర్చే ఎక్కువ.

డబ్బు అన్నాను కాబట్టి లెక్కల సంగతి. ఇది బోరుగా ఉంటుంది కానీ గొడవలన్నీ ఇక్కడే పుడతాయి. వారం మధ్యలో కారు టెస్టుకి కట్టేది 62 పౌండ్లు. లారీ కంపెనీ తన లైసెన్సుకీ, తన లారీల ఏటా పరీక్షకీ వేరే ఫీజులు కడుతుంది. ఫీజు ఏ పనికి తీసుకుంటే ఆ పని ఖర్చుకే సరిపోవాలి, అటూ ఇటూ కాకుండా, అన్నది ఇక్కడి సర్కారు లెక్కల పద్ధతి. రెండు గల్లాపెట్టెలు ఒకటి చేసిన మరుసటి రోజే ఇరువైపులా ఒకే అనుమానం మొదలవుతుంది, మా డబ్బు వాళ్లకి పోతోందేమో అని. అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తున్నాడని ఒక్కసారి మాట పుట్టిందంటే ఇక ఫీజు ఒక్క పౌండ్ పెంచడానికి కూడా నానా తంటాలు పడాలి. డీవీఎస్‌ఏకి పేరు 2014 ఏప్రిల్‌లో వచ్చినా, రెండు పాత ఏజెన్సీల నిధుల్ని ఒకే నిధిగా చేసింది మరుసటి ఏడాది ఏప్రిల్‌లో. నువ్వూ తొందరపడకు. ఖజానా ఒకటైనా ఏ ఫీజు ఎంత వచ్చింది, ఆ పనికి ఎంత ఖర్చయింది అన్న పద్దు విడివిడిగా ఉంచి, అడిగినవాడికల్లా చూపించు.

కంప్యూటర్ల గురించి నేను చెప్పేదేముంది, నీకే ఎక్కువ తెలుసు. అయినా ఒక్కటి విను. మా విలీనంలో రెండు డేటాబేస్‌లని ఒక వారాంతంలో కలిపేశారు. ఒక ఆఫీసు ఇంటిపేరు ముందు రాసేది, ఇంకోటి వెనక. ఇంగ్లిష్ పేర్లతో ఎలాగో గట్టెక్కారు. మన పేర్లు వచ్చేసరికి, ఇంటిపేరు ఏది, తండ్రి పేరు ఏది, పెట్టిన పేరు ఏది అని ఎవరికీ తెలియక, ఒకే మనిషి ఇద్దరయ్యాడు, ఇద్దరు అన్నదమ్ములు ఒకరయ్యారు. నా సొంత సిబ్బంది రికార్డే రెండు అయింది! ఒక "నేను" ఉద్యోగంలో ఉంది, ఇంకో "నేను" శిక్షణ పూర్తి చెయ్యనందుకు నోటీసు అందుకుంది. పదకొండు వారాలు పట్టింది ఆ రెండో ఆవిడని తీసేయించడానికి. కాబట్టి పాతదీ కొత్తదీ పక్కపక్కన కొన్నాళ్లు నడవనివ్వు, కష్టమైన పేర్లు, మారిన చిరునామాలు, పెళ్లయ్యాక పేరు మార్చుకున్న ఆడవాళ్లు, వీళ్ల రికార్డులతో ముందు పరీక్ష చెయ్యి. తేలికవాటితో చేసి "పనిచేస్తోంది" అనేవాళ్లని నమ్మకు.

కొత్త పేరు వచ్చే వారంలో జనానికి కష్టం కలిగించే ఇంకే మార్పూ పెట్టకు. డ్రైవింగ్ రూల్స్ మీద పెట్టే థియరీ టెస్టులో వేరే భాషల్లో ప్రశ్నలు వినిపించే సౌకర్యం 19 భాషల్లో ఉండేది (తమిళం, హిందీ ఉండేవి, తెలుగు లేదులే). దాన్ని 2014 ఏప్రిల్ 7 నుంచి ఆపేశారు, కొత్త సంస్థ వచ్చిన ఐదు రోజులకి. అసలు ఆ నిర్ణయం అంతకుముందు ఏడాదే ప్రకటించినది, విలీనానికి దానికి సంబంధం లేదు. కానీ బయటివాడికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? కొత్త బోర్డు చూస్తాడు, పోయిన సౌకర్యం చూస్తాడు, రెండూ కలిపి ముడేసుకుంటాడు.

ఇక ఎంతవరకు ఒకే చేతిలో పెట్టాలి అన్నది. నార్తర్న్ ఐర్లండ్‌లో వీళ్లకన్నా ముందే, 2007లో, లైసెన్సులనీ టెస్టులనీ కలిపి డీవీఏ అని ఒకే ఏజెన్సీ చేశారు. అక్కడ ఎంఓటీ కూడా గ్యారేజీలు చెయ్యవు, ప్రభుత్వ సెంటర్లలోనే. ఒక ఆఫీసు, ఒక పద్ధతి, వినడానికి బాగుంటుంది. 2020 జనవరిలో ఆ సెంటర్లలో కార్లు పైకెత్తే లిఫ్టుల్లో పగుళ్లు కనిపించాయి, 55 లిఫ్టుల్లో 48కి. మొత్తం ప్రాంతంలో కార్ల పరీక్షలు ఆగిపోయాయి. పాత సర్టిఫికెట్ ఉన్నవాళ్లకి గడువు పొడిగిస్తూ కాగితం ఇచ్చారు, కానీ మొదటిసారి పరీక్షకి వచ్చే నాలుగేళ్ల బండ్లకి, టాక్సీలకి ఆ దారి కూడా దొరకలేదు. ఇటు గ్రేట్ బ్రిటన్‌లో ఎంఓటీ 20 వేలకు పైగా గ్యారేజీల్లో జరుగుతుంది, ఒకచోట లిఫ్ట్ పాడైతే పక్క వీధికి పోతాం. గ్యారేజీలు డబ్బు కోసం లేని రిపేర్లు చెబుతాయని మీ పెదనాన్న వాదిస్తారు, అందులోనూ నిజముంది. నేను చెప్పేది ఏమిటంటే, ప్రతి పనికీ "ఇది ఆగిపోతే జనం ఇంకెక్కడికి వెళ్తారు" అని పక్కన ఒక గడి పెట్టి రాసుకో. ఎక్కడికీ వెళ్లలేరు అని వచ్చిన చోట రెండో ఏర్పాటు ఉంచు, ఆదా తక్కువైనా ఫర్వాలేదు.

యూనియన్ వాళ్లతో ముందే కూర్చో. 2017 డిసెంబర్ 4న కొత్త రకం డ్రైవింగ్ టెస్ట్ మొదలైన రోజే ఎగ్జామినర్లు సమ్మె చేశారు. మార్పుకి నువ్వు పెట్టుకున్న తేదీ వాళ్లకీ తెలుస్తుందని గుర్తుంచుకో.

సోమవారం నుంచి ఏం చెయ్యాలి అని అడిగావు కదా. ప్లాన్ రాయకు. రెండు ఏజెన్సీల్లోనూ ఒక్కో రోజు ఫోన్ సెంటర్‌లో కూర్చుంటానని మీ మేనేజర్‌ని అడుగు. హెడ్‌ఫోన్ పెట్టుకుని వినడమే, మాట్లాడక్కర్లేదు. ప్రతి కాల్‌కీ ఒక లైన్ రాసుకో, ఎందుకు చేశారు, సరైన ఆఫీసుకే చేశారా, ఎన్నిసార్లు తిప్పారు అని. ఆ రెండు రోజుల కాగితాలు నాకు పంపు, ఆఫీసు రహస్యాలు, పేర్లు తీసేసి. వాటిని ముందు పెట్టుకుని శనివారం మాట్లాడుకుందాం. పొద్దున పదకొండు తర్వాత చెయ్యి, అంతకుముందు మీ పెదనాన్న ఫోన్ వదలరు.

మీ పెద్దమ్మ