కొఠియా గ్రామాలను వికీపీడియాలో ఏ రాష్ట్రానివిగా రాయాలి?

ఒడిశాలోని కోరాపుట్ జిల్లా, ఆంధ్రప్రదేశ్‌లోని పార్వతీపురం మన్యం జిల్లా సరిహద్దులో రెండు రాష్ట్రాలూ తమవేనంటున్న కొఠియా గ్రామాల గురించి, ఎవరైనా దిద్దగల విజ్ఞాన సర్వస్వంలో ఏమని రాయాలన్నది ప్రశ్న.

ఆ తగవు తీర్చడం వికీపీడియా పని కాదు. ఎవరి వాదన ఏమిటో, దానికి ఆధారమేమిటో చెప్పడం వరకే దాని పని. 1968లో సుప్రీంకోర్టు యథాతథ స్థితిని పాటించమన్నదనీ, 2021లో ఆంధ్రప్రదేశ్ అక్కడి కొన్ని గ్రామాల్లో పంచాయతీ ఎన్నికలు ప్రకటించగా ఒడిశా ప్రభుత్వం సుప్రీంకోర్టులో కోర్టు ధిక్కార పిటిషన్ వేసిందనీ మూలాలు చూపి రాస్తే, ఏ పక్షంవారికైనా ఆ వాక్యాన్ని కొట్టివేయడానికి కారణం దొరకదు. చిక్కల్లా తెలుగు వ్యాసాన్ని తెలుగువారూ, ఒడియా వ్యాసాన్ని ఒడియావారూ రాయడంలో ఉంది, ఎందుకంటే నియమం ఒకటే అయినా ఎంచుకునే పత్రికలు వేరు. రాయగడ, పర్లాకిమిడి ప్రాంతాల్లో ఉంటూ రెండు లిపులూ చదవగల తెలుగువారు ఈ రెండు వ్యాసాలనూ పోల్చి చూడడం, నా అభిప్రాయంలో, కొత్త వ్యాసం రాయడంకన్నా ఎక్కువ మేలు.

ఎవరైనా దిద్దగల ప్రపంచ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ దారి వేరు. క్షేత్రస్థాయిలో ఎవరి పాలన సాగుతోందో అదే గీయమంటుంది. ఇద్దరి పథకాలూ అందే ఊళ్లో ఆ సూత్రం తేల్చేది తక్కువే. సరిహద్దు గీతను కదిపేముందు చర్చ పేజీలో గానీ, ఆ పటం గీసేవారి సముదాయంలో గానీ ఆధారం పెట్టి అడగండి.